అణుభారం నజీర్

మిరపకాయ కల్లాల మీంచి కోల్డ్ స్టోరేజీలకు చేరిపోయాక గుంటూరు సీమలో ఇంకో సరుకు రోడ్డెక్కుతుంది. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు. వాళ్ళను బస్తాల్లా కుక్కి, గదుల్లో పేర్చి, రెండేళ్ళపాటు ఎండా గాలీ తగలకుండా ఉంచి, ఎంసెట్ నాటికి రంగు పోకుండా బయటికి తీసే గిడ్డంగులనే రెసిడెన్షియల్ కాలేజీలంటారు. అలాంటి ఒక గిడ్డంగిలో, పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది ఎండాకాలం నాటికి, నజీర్ కెమిస్ట్రీ చెబుతుండేవాడు. నజీర్ అంటే ఎవరికీ తెలియదు. అణుభారం నజీర్ అంటే తెలియనివాడు లేడు.

అతని విద్య ఒక్కటే. ఎదుటివాడు ఒక అంకె చెప్పాలి. ఆ అంకె ఏ మూలకం బరువో అతను చెప్పాలి.

"నూట ఎనిమిది!"

"వెండి."

"రెండొందల ఏడు!"

"సీసం."

"అరవై మూడున్నర!"

"రాగి. అరలు కూడా అడుగుతున్నారే, బేరానికొచ్చారా పెళ్ళికొచ్చారా?"

పెళ్ళిళ్ళలో బిర్యానీ చల్లారిపోతున్నా జనం అతని చుట్టూ మూగేవారు. మంగలి షాపులో సగం గడ్డం మీద కత్తి ఆపి అడిగేవారు. బస్సులో కండక్టరు టికెట్టు నంబరు చూపించి అడిగేవాడు. ఇంత చేసీ అడిగిన వాళ్ళలో ఒక్కడికైనా జవాబు ఒప్పో తప్పో తెలిసేదా అంటే, తెలియదు. గారడీవాడి బుట్టలో పాముందో లేదో మూత తీసి చూసినవాడెవడు? బూర ఊదితే చాలు. నజీర్ ఆ చప్పట్లను ఇరవై ఏళ్ళ వయసు నుంచీ తింటూ బతికాడు. చప్పట్లతో కడుపు నిండదు గానీ ఆకలి మాత్రం పెరుగుతుంది.

ఇక్కడ ఆ పేరు సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. తెలుగువాళ్ళకు అణువు అనే మాటతో పాత తికమక ఒకటుంది. పాఠ్యపుస్తకంలో మూలకానికి ఆఖరి ముక్క పరమాణువు. అలాంటివి కొన్ని చేతులు పట్టుకుని గుంపు కడితే అది అణువు. ఒకటి మనిషి, ఇంకొకటి కుటుంబం. మనిషి బరువు పరమాణుభారం, కుటుంబం బరువు అణుభారం. ఇది తొమ్మిదో తరగతి పాఠం. కానీ పేపర్లవాళ్ళకు తొమ్మిదో తరగతితో పని లేదు. పేలేది పరమాణువైనా బాంబును అణుబాంబనే రాస్తారు. ఆ మే నెలలో ఎడారిలో బాంబులు పరీక్షించారు కదా, ఊళ్ళో టీకొట్టు టీకొట్టుకీ అణువే. అణువు, అణుశక్తి, అణుదేశం. ఆ నెల్లో అణువు అన్నంత తేలిగ్గా ఎవడూ ఆవకాయ అని కూడా అనలేదు.

కాలేజీ కరస్పాండెంట్ తులసీరాం గారికి ఈ గాలి ఎటు వీస్తోందో ముక్కుకు తెలుసు. ఆయన పొగాకు వ్యాపారం నుంచి చదువుల్లోకి వచ్చినవాడు. ఆకు చూసి గ్రేడు కట్టినట్టే మార్కుల కాగితం చూసి పిల్లవాడికి గ్రేడు కట్టేవాడు. పోస్టరు వేసే ముందు నజీర్ ‘పరమాణుభారం నజీర్’ అని రాసిచ్చాడు. తులసీరాం గారు చూసి, "మాట పొడుగైపోయిందయ్యా. ఇంత పొడుగైతే ఫొటో చిన్నదవుద్ది. ఆ ‘పరమ’ తీసెయ్" అన్నారు.

"తీసేస్తే అర్థం మారిపోద్ది సార్. అణువు వేరు, పరమాణువు వేరు."

"అర్థం ఎవడు చూస్తాడయ్యా? అక్షరం లావుగా ఉందా లేదా చూస్తాడు. ఇంతకీ నీ ఫొటో పెద్దదిగా ఉండాలా, చిన్నదిగా ఉండాలా?"

నజీర్ తన ఫొటో వంక చూసుకున్నాడు. పరమ పోయింది.

ఇంతకీ అతని గుండెలో ఉన్న కోరిక పోస్టరు కాదు. అద్దంకి. ఆ సంవత్సరమే కాలేజీ అద్దంకిలో కొత్త బ్రాంచి పెడుతోంది. దానికి ప్రిన్సిపాల్ నువ్వేనని తులసీరాం గారు ఇద్దరి ముందు అన్నారు. నజీర్ పుట్టింది అద్దంకిలో. వాళ్ళ నాన్న హుస్సేన్ సాహెబ్ భుజాన విల్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ విల్లు టంగుమంటే వీధిలో పిల్లలు దూది మంచు కోసం పరిగెత్తేవారు. కుట్టిన పరుపును నెత్తిన పెట్టుకుని షావుకార్ల మేడలెక్కినవాడు నజీర్. పరుపు మోశాడు, దానిమీద కూర్చోమని ఎవరూ అనలేదు. అందుకే ఆ ఊళ్ళోనే, తలుపు మీద తన పేరున్న గదిలో, చేతులున్న కుర్చీలో కూర్చోవాలని అతని పట్టుదల. తండ్రి చూడకుండానే పోయాడు. తల్లి కరీమున్ ఇంకా అద్దంకిలోనే ఉంది. ఆమెకు కబురు చేశాడు. భార్య సిద్దికా అయితే పొన్నూరు నుంచి పెదకాకాని దాకా ఉన్న చుట్టాలందరికీ చెప్పేసింది. "మా ఆయన ప్రిన్సిపాలండీ" అని వర్తమానకాలంలోనే.

అద్దంకి సభ కల్యాణ మండపంలో పెట్టారు. చుట్టుపక్కల మిరప రైతులు, పొగాకు రైతులు, పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. కాలేజీవాళ్ళు మజ్జిగ ప్యాకెట్లు పంచారు. ముందు వరసలో పురుగుమందుల కొట్టు బాపయ్య, ఆడవాళ్ళ వైపు రెండో వరసలో కొత్త చీర కట్టుకుని కరీమున్. తులసీరాం గారు మైకు పట్టుకుని దేశం అణుశక్తి అయ్యిందనీ, దానికి కావలసిన సైంటిస్టులు తమ హాస్టల్లోనే తయారవుతున్నారనీ చెప్పారు. ఆ హాస్టల్లో అప్పుడు తయారవుతున్నది గజ్జి ఒక్కటే. ఆ సంగతి తల్లిదండ్రులకు జూలైలో గానీ తెలియదు.

తర్వాత నజీర్ లేచాడు. అంకెలు పడ్డాయి, పేర్లు లేచాయి. బాపయ్య గట్టిగా, "నూట తొంభయ్యేడు!" అన్నాడు.

"బంగారం! బాపయ్య గారూ, మీకు ఈ అంకె ఎలా తెలుసండీ?"

"మా మనవడు చెప్పాడ్లే. బంగారమైతేనే అడుగు తాతా, మిగతావి మనకెందుకూ అన్నాడు."

మండపం గొల్లుమంది. అదే వేడిలో వెనక వరస నుంచి ఒక మనిషి లేచాడు. సఫారీ డ్రెస్సు, జేబులో రెండు పెన్నులు. జాన్ బాషా. నిరుటి దాకా ఇదే కాలేజీలో, హాస్టలు డ్యూటీ రాత్రుళ్ళు ఇదే నజీర్ గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడు. పోస్టరు మీద తన ఫొటో స్టాంపంత వేశారని అలిగి ఎదురు కాలేజీలో చేరాడు. శత్రువు ఎక్కడి నుంచో రానక్కర్లేదు, పక్క మంచం చాలు.

"నజీర్ భాయ్, సలాం. నాదీ ఒక చిన్న ప్రశ్న. అణుభారం రెండొందల యాభయ్యారు. మూలకం ఏది?"

"మెండెలీవియం!"

చప్పట్లు. జాన్ బాషా కూడా కొట్టాడు. అందరికంటే ఆఖర్న ఆపాడు.

"అది ఎక్కడ దొరుకుద్ది భాయ్?"

"దొరకదు. లాబొరేటరీలో తయారుచేస్తారు. మొదటిసారి చేసినప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని పరమాణువులే వచ్చినయ్. ప్రపంచమంతా గాలించినా చిటికెడు లేదు."

"అయ్యో! చిటికెడు లేదా? మరి బాపయ్య గారి కొట్లో బస్తాలకు బస్తాలుంటేనూ?"

బాపయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "నా కొట్లోనా? నాకేం తెలవదయ్యో, నా దగ్గర బాంబు సామాన్లేం లేవు!"

"పసుపుపచ్చది బాపయ్య గారూ. మిరపతోటకి బూడిద తెగులొస్తే చల్లేది."

"గంధకమా?"

"గంధకమే. ఒక్కో గంధకం అణువులో ఎనిమిది పరమాణువులు కలిసుంటాయి. ఒక్కోటి ముప్ఫై రెండు. ఎనిమిది ముప్ఫై రెళ్ళు ఎంతండీ?"

లెక్క బాపయ్య నోటి వెంటే వచ్చింది. నజీర్‌కు తలకొట్టేసినట్టయింది. తెలియక కాదు, అదే దురదృష్టం. ఈ సంగతి ప్రతి ఏడూ మొదటి సంవత్సరం పిల్లలకు తను చెప్పే పాఠమే. అంకె వినగానే పట్టికలోకి దూకడం నాలుకకు అలవాటైపోయింది. బుర్ర వెనక నుంచి ఆగరా ఆగరా అంటూ పరిగెత్తుకొచ్చేసరికి నాలుక పేరు చెప్పేసి చప్పట్లు పుచ్చుకుంది.

"నువ్వు మూలకం అన్నావు, అణువు అనలేదు" అన్నాడు నజీర్.

"అణుభారం అన్నాను భాయ్. అది నేను పెట్టిన మాటా? మీ ఇంటిపేరే కదా, గోడ మీద ఇంతలేసి అక్షరాలతో!"

అంతే. వెనక వరసలో ఎవడో, "ఒరేయ్, గంధకం తెలవని కెమిస్ట్రీ మాస్టారంటరా!" అన్నాడు. నవ్వు కల్లానికి నిప్పంటుకున్నట్టు వరస వరసకీ పాకింది. ఆ నవ్వినవాళ్ళకు గంధకం అణువులో ఎన్ని పరమాణువులో తెలుసా? జాన్ బాషా ఎనిమిదికి బదులు ఎనభై అన్నా ఇంతే నవ్వేవారు. జనానికి ఎవరు ఒప్పో అక్కర్లేదు. ఎవరు కింద పడ్డారో కావాలి.

సభ అయ్యాక కరీమున్ కొడుకు దగ్గరికి వచ్చింది. కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది.

"ఎందుకు నవ్వార్రా అందరూ?"

"ఏం లేదమ్మా. చిన్న పొరపాటు."

"అవునా? అందరూ నవ్వుతుంటే మంచిదే అయ్యుంటదని నేనూ నవ్వాను."

జీపులో గుంటూరు తిరిగొస్తుంటే తులసీరాం గారు మేదరమెట్లలో బండి ఆపించారు. అక్కడ గోలీసోడా తాగి త్రేన్చి, "అద్దంకి కుర్చీ సంగతి చూద్దాంలే నజీర్. ఒంగోలు సభ కూడా కానీ" అన్నారు. గుంటూరు సీమలో చూద్దాం అన్న మాటకు అర్థం నిఘంటువులో ఉండదు. పిల్ల నచ్చనివాళ్ళు చూద్దాం అంటారు. అప్పు ఇవ్వనివాళ్ళు చూద్దాం అంటారు. అయినా నజీర్ ఆ మాటకు ఒంగోలు అనే తోక ఉంది కదాని దాన్నే పట్టుకున్నాడు.

నాగార్జున కొండ ఈ సీమకి దూరమేం కాదు. అక్కడ రసవాదులు పాదరసాన్ని బంగారం చేసేవారని పుక్కిటి పురాణాలు బోలెడు. వాళ్ళ ఏ రసం చూసినా గంధకం లేనిదే ఉడకదు. వందల ఏళ్ళు గడ్డాలు కాల్చుకుని, కళ్ళు పోగొట్టుకుని ఆ పచ్చపొడితో కుస్తీ పట్టారు. బంగారం రాలేదు సరే, గంధకం అంటే ఏమిటో వాళ్ళ ముక్కుకీ వేళ్ళకీ తెలిసింది. అదే సీమలో పుట్టి, వేలమందికి మూలకాలు బోధించి, ఒక్క మూలకాన్నీ చేత్తో ముట్టకుండా పేరు తెచ్చుకున్నవాడు నజీర్. ఆ ఆదివారం ఉదయం పడక్కుర్చీలో ఈ సంగతే అతనికి తట్టింది. మనసు చివుక్కుమంది. ఒంగోలులో అంకెల ఆట ఆడకూడదనుకున్నాడు. వేదిక మీద, అందరి కళ్ళ ముందూ, గంధకం అణువును తూచి చూపిస్తే? ఎక్కడ పడ్డాడో అక్కడే లేచినట్టవుతుంది. కుర్చీ దానంతటదే వస్తుంది.

తూచే పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. ఏదైనా పదార్థం కరిగి చల్లారుతూ గడ్డకట్టేటప్పుడు అందులో ఇంకో పొడి కలిసి ఉంటే, ఇంకాస్త ఎక్కువ చల్లబడితే గానీ గడ్డకట్టదు. పొడిలో ఎన్ని అణువులుంటే అంత ఆలస్యం. ఎంత వేడి దగ్గర గడ్డకట్టిందో చూస్తే, వెనక్కి లెక్కకట్టి అణువు బరువు చెప్పొచ్చు. గంధకానికి తగింది నాఫ్తలీన్. నాఫ్తలీన్ అంటే మరేం కాదు, బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు. కలరాకీ వాటికీ ఏ సంబంధం ఉందో ఆ పేరు పెట్టిన మహానుభావుడికే తెలియాలి.

సామాను కోసం ముందు కాలేజీ ల్యాబుకు వెళ్ళాడు. ఆ ల్యాబు తాళం ఇన్‌స్పెక్షనుకు వచ్చే అధికారుల కోసం తప్ప తియ్యరు. అద్దాల బీరువాలో గాజు సామాను పెళ్ళికూతురి తట్టల్లా సర్ది ఉంది. థర్మామీటరు మీద షాపువాడి చీటీ కూడా ఊడలేదు. దాన్ని జేబులో వేసుకున్నాడు. పక్కవీధి కంసాలి దగ్గర బంగారం తూచే త్రాసు అడిగి తెచ్చాడు. కిరాణాలో కలరా ఉండలు కొన్నాడు. గంధకం ప్యాకెట్టు గుంటూరులోనే కొన్నాడు. బాపయ్య కొట్టుకు వెళ్ళే మొహం ఎక్కడిది?

మధ్యాహ్నం వంటింట్లో స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి. నీళ్ళలో గాజు గొట్టం, గొట్టంలో కలరా ఉండలు. సిద్దికా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, ఇల్లంతా ఈ వాసనేంటండీ! ట్రంకుపెట్టెలో కాపురం పెట్టినట్టుంది."

"కాస్త ఓర్చుకో. ఇది ప్రిన్సిపాల్ గిరీ వాసన."

"ప్రిన్సిపాల్ గిరీ ఇలా ఉంటదని తెలిస్తే చుట్టాలకి చెప్పేదాన్ని కాదు. అయినా అది నా పాలగిన్నె. మళ్ళీ దాంట్లో పాలు కాస్తే తాగేదెవరు?"

"నేనే తాగుతాలే."

"మీరే తాగాలి. బొద్దింకలన్నా పోతాయి."

అతను వినడం లేదు. ముందు ఉత్త కలరా ఉండల్ని కరిగించి, గడ్డకట్టే వేడి చూశాడు. పుస్తకంలో చెప్పినంతే, ఎనభై. తర్వాత గంధకం పొడిని త్రాసులో తూచి వేసి, కలిపి, వేడిచేసి చల్లార్చాడు. పాదరసం గీత గీతకీ దిగుతుంటే ఊపిరి బిగపట్టాడు. గొట్టం అంచున తెల్లటి రేకులు పొడిచాయి. అంకె చూసుకుని లెక్క కట్టాడు. రెండొందల యాభయ్యారు రావాలి.

మూడొందల ఇరవై వచ్చింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ దాని చుట్టుపక్కలే. అలవాటు కొద్దీ మనసు పట్టికలోకి దూకింది. ఆ బరువున్న మూలకం పట్టికలో లేదు, పట్టిక అవతల కూడా ఇంకా ఎవరూ చెయ్యలేదు. అంకె చేతిలో ఉంది, నోట్లో పేరు లేదు. బతుకులో మొదటిసారి అతనికి జవాబు తెలియలేదు. ఇన్నాళ్ళూ అన్నం మాన్పించిన సిగ్గు పోయి, దాని చోట ఏదో కొత్త దురద మొదలైంది.

"సిద్దీ, ఇలా రా. దీంట్లో ఏం కనపడుతుంది?"

"మురికి."

"ఎక్కడ?"

"అడుగున. బూడిదరంగు మడ్డి. అదేగా మీరు కలిపింది?"

గొట్టం పైకెత్తి వెలుతురులో చూశాడు. పైన తేటగా లేత పసుపు. అడుగున కరగకుండా కూర్చున్న మట్టి. గబగబా ప్యాకెట్టు తిప్పి చూశాడు. గంధకం ఎనభై శాతం. మిగతాది నీళ్ళలో కలవడానికి వేసిన మట్టీ మశానమూ. అది త్రాసులో బరువు తూగింది గానీ కరగలేదు. కరగనిది బరువులో ఉంటుంది, లెక్కలో ఉండదు. మూడొందల ఇరవైలో ఎనభై శాతం ఎంత? రెండొందల యాభయ్యారు.

నజీర్ వంటింట్లో కేకపెట్టాడు. సిద్దికా చెయ్యి కాలిందేమోనని నీళ్ళచెంబు తెచ్చింది. చెయ్యి కాలలేదు. అంతవరకూ పుస్తకంలో ఎవరో తూచి రాసిన బరువుల్ని అప్పజెప్పిన మనిషి, మొదటిసారి ఒక అణువును తనే తూచాడు. ఆ సంతోషంలో చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని తులసీరాం గారి ఇంటికి పరిగెత్తాడు.

హాల్లో తులసీరాం గారికి ఎదురుగా కూర్చుని జాన్ బాషా కాఫీ తాగుతున్నాడు.

"రావయ్యా నజీర్, సమయానికొచ్చావ్! జాన్ బాషా గారు మళ్ళీ మనవాడైపోయాడు. అద్దంకి ఆయన చూసుకుంటాడు."

నజీర్ చేతిలో కాగితం ఉంది, గాజు గొట్టం ఉంది.

"ఒంగోలు సభ అన్నారు గద సార్?"

"అయ్యేది కాదులే. జనం ఒకసారి నవ్వినవాణ్ణి మళ్ళీ నమ్మరు. నవ్వించినవాణ్ణి నమ్ముతారు. నేను పొగాకులో నేర్చుకున్నది అదే. పక్కవాడి ఆకు బేలు బావుంటే తిట్టగూడదు, కొనెయ్యాలి."

"సార్, నేను గంధకం అణుభారం స్వయంగా తూచాను. కలరా ఉండలు కరిగించి..."

"కలరా ఉండలా?" తులసీరాం గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. "తల్లిదండ్రుల ముందు కలరా ఉండలు పెడతావా? మన హాస్టల్లో కలరా వచ్చిందనుకుంటారయ్యా!"

జాన్ బాషా నవ్వలేదు. గొట్టం వంక ఆశగానో భయంగానో చూసి, "ప్రాక్టికల్స్ చేస్తున్నావా భాయ్? సిలబస్‌లో లేదుగా" అన్నాడు. నజీర్‌కు అతని మీద అసహ్యం వేసింది. తర్వాత తన మీద వేసింది. ఎందుకంటే నెల కిందట తనూ అదే మాట అనుండేవాడు.

జూన్‌లో అదే కల్యాణ మండపంలో అద్దంకి బ్రాంచి ప్రారంభం. స్టాఫంతా రావాలన్నారు. గోడల మీద కొత్త పోస్టరు: ‘అణుభారం జాన్ బాషా, ప్రిన్సిపాల్’. ఫొటో మారింది, అక్షరాలు అవే. అచ్చు ఖర్చు కలిసొచ్చింది. వేదిక మీద చేతులున్న కుర్చీ, దాని మీద తెల్ల తువ్వాలు, తువ్వాలు మీద జాన్ బాషా. నజీర్‌కు చివర ఇనప కుర్చీ వేశారు. కింద ఆడవాళ్ళ వరసలో కరీమున్ అదే కొత్త చీరలో వచ్చింది. కుర్చీ మారిన సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నజీరే చెప్పలేదు.

అంకెల ఆట మొదలైంది. జాన్ బాషా దడదడలాడిస్తున్నాడు. నజీర్ లేచాడు. ఈ ప్రశ్నతో ఆ కుర్చీ కాళ్ళు విరగాలి. తనకు జరిగిందే వాడికీ జరగాలి. ఇంత గొప్ప ఉద్దేశంతో మనిషి మైకు అందుకున్నప్పుడు దేవుడు కూడా కాస్త పక్కకు తప్పుకుంటాడు.

"జాన్ బాషా గారూ, అణుభారం మూడొందల ఇరవై. ఏమిటది?"

తులసీరాం గారి మొహం మాడింది. బాపయ్య ముందుకు వంగాడు. జాన్ బాషా కన్నార్పలేదు.

"అల్ట్రా యురేనియం!" అన్నాడు. "మొన్న ఎడారిలో పేల్చిన బాంబు దాంతోనే!"

మండపం పైకప్పు ఎగిరిపోయింది. చప్పట్లు, ఈలలు. ఎవడో జై కొట్టాడు. బాపయ్య లేచి నిలబడి కొట్టాడు. అలాంటి మూలకం భూమి మీదా లేదు, నరకంలోనూ లేదు. "అది కాదు, అది..." అంటూ నజీర్ నోరు తెరిచాడు. తులసీరాం గారు మైకు లాక్కుని, "చూశారా స్పీడు! అదీ మన కాలేజీ!" అన్నారు. చప్పట్ల హోరులో నజీర్ కింద వరసల వైపు చూశాడు. తల్లి కూడా కొడుతోంది. అందరితో పాటే, నోరారా నవ్వుతూ.

ఆ చప్పట్లు ఎవరివో అప్పుడు గుర్తుపట్టాడు. తను ఇరవై ఏళ్ళ వయసు నుంచీ తిన్నవి అవే.

బయట చెప్పుల దగ్గర కరీమున్ అతన్ని పట్టుకుంది. "నీ కుర్చీలో వాడు కూర్చున్నాడేరా?"

"నాది కాదమ్మా ఇక."

ఆమె చెప్పు తొడుక్కుంటూ, "నువ్వడిగినదానికి వాడు చెప్పింది నిజమేనా?" అంది.

"కాదు."

"మరేంటి?"

"గంధకం. మట్టి కలిసిన గంధకం."

"నీ దుంపతెగ, ముందే చెప్తే నేను చప్పట్లు కొట్టేదాన్నా!" అని వీపు మీద ఒక్కటి చరిచింది.

ఆ నెలాఖరుకు నజీర్ కాలేజీ మానేశాడు. మాన్పించారనేవాళ్ళూ ఉన్నారు. గుంటూరు మిర్చియార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టు మీది గదిలో ట్యూషన్ పెట్టాడు. కింద టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దింపితే పైన పిల్లలు తుమ్ముతారు. మోల్ లెక్కల్లో మూడోవంతు తుమ్ములే. పోస్టరు చూసి వచ్చేవాళ్ళు లేరు గనక వచ్చేది కొద్దిమందే. వచ్చినవాళ్ళకు ముందు గంధకం ఇచ్చి వాసన చూడమంటాడు. ఎవడైనా అంకె చెప్పి మూలకం అడిగితే, "దేని బరువు? అణువుదా, పరమాణువుదా?" అని ఎదురడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో పెళ్ళిళ్ళలో అతని చుట్టూ మూగేవాళ్ళు లేకుండా పోయారు. బిర్యానీ వేడిగా తింటున్నాడు.

బోర్డు రాయించే రోజున సిద్దికా గొడవపెట్టింది. "ఆ దరిద్రపు పేరు మళ్ళీ ఎందుకండీ? ఉత్త నజీర్ అని రాయించండి." అతను ఒప్పుకోలేదు. అప్పట్లో ఊరికే తగిలించుకున్న పేరు, ఇప్పుడు తూచి తెచ్చుకున్నదన్నాడు. పెయింటరు ‘అణుభారం నజీర్’ అని రాసి, కింద ఇంకా జాగా ఉంది ఏదైనా రాయమంటారా అంటే, వద్దన్నాడు.

రంగు ఆరకముందే కింద టిక్కీ మోస్తున్న హమాలీ తలెత్తి చూశాడు.

"మాస్టారూ, అణు అని రాశారు, పైన బాంబులేమన్నా చేస్తారా?"

"బాంబు కాదయ్యా. బరువు. బరువు చూస్తాం."

"అట్టా చెప్పండి మరి! కిందకు దిగండి, ఈ టిక్కీ చూడండి. కాటావాడు మూడు కేజీలు తినేశాడు."

నజీర్ కిందకు దిగాడు.